తలెత్తిన జొన్న

ఆ వేసవి మాకు తెల్లవారుతోందంటేనే భయంగా ఉండేది. చీకటి పడితే కాస్త ఊపిరి ఆడేది. చీకట్లో చేను కనిపించదు కదా.

క్లాట్ దొర చేను మా గుమ్మం ముందే మొదలయ్యేది. నడుమెత్తు పొట్టి జొన్న, చివరి దాకా ఒకే మట్టంగా, నీళ్ళు నిలిచినట్టు ఉండేది. సాయంత్రం మేమంతా నడిచి, పైకి లేచిన ప్రతి కంకినీ నరికి, చేనంతా చదును చేసి వచ్చేవాళ్ళం. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలోకి వస్తే, ఆ మట్టం మీద అక్కడొకటి ఇక్కడొకటి, మూరెడు పైకి, నిటారుగా నిలబడి ఉండేవి పొడుగు కంకులు. రాత్రికి రాత్రి ఎవరో మనుషులు చేలోకి దిగి మా ఇంటి వంకే చూస్తున్నట్టు అనిపించేది.

"మళ్ళీ లేచాయి," అనేదాన్ని.

"చూశాను," అనేవాడు నా మొగుడు కాసిమీరో.

"నిన్నటికంటే ఎక్కువ."

"కాఫీ తాగు లాలా. నువ్వు గుడ్లురిమి చూస్తే అవి సిగ్గుపడి కూర్చుంటాయా?"

ఇది టెక్సాస్‌లో, లబ్బక్‌కి ఉత్తరాన, పందొమ్మిది వందల యాభై ఏడులో జరిగిన మాట. దొర పండించేది దాణాకి కాదు, విత్తనానికి. కోత యంత్రం కత్తి ఒకే ఎత్తులో పోతుంది కాబట్టి రైతులందరికీ పొట్టి జొన్నే కావాలి. ఆ విత్తనం పండే చేలో ఎత్తుగా ఒక్కటి లేచినా దాన్ని కేళీ అంటాం. కేళీని మొదలంటా పారతో నరకాలి. పైపైన కోస్తే పక్క నుంచి పిలకలేసి మళ్ళీ తల ఎత్తుతుంది. తనిఖీ అధికారి వచ్చేనాటికి కేళీలు నిలబడి ఉంటే చేను మొత్తాన్ని విత్తనానికి పనికిరాదని కొట్టిపారేస్తాడు. దొర ఏడాది కష్టం పశువుల తొట్లోకి పోతుంది.

ఏ విత్తన చేలోనైనా కేళీలు కొన్ని ఉంటాయి. కాని ఆ ఏడు లేచినన్ని మేమెవరం ఎన్నడూ చూడలేదు.

మా జట్టులో ఏడుగురం. జట్టుకు పెద్ద కాసిమీరో. అతని పిన్ని చోన, నాకు అత్త వరస, మా పక్క గదిలోనే ఉండేది. అరవై దాటినా పార భుజాన వేసిందంటే ఆమెను అందుకోవడం మా వల్ల కాదు. ఇక ఆమె నోటిని అందుకోవడం ఎవరి వల్లా కాదు. ఆ పొద్దున గట్టు మీద నిలబడి చేనంతా కలియజూసి అంది:

"ఏరా కాసిమీరో, రాత్రంతా ఈ చేనుకి పాలు పట్టావట్రా? నీ పెళ్ళానికి రెండేళ్ళయినా కడుపు పండలేదు గాని చేలో మాత్రం పిల్లలు బారెడు బారెడు లేస్తున్నారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే దొర ఇంటి వైపు చూశాను. అప్పటికే ఆయన పికప్పు బండి దుమ్ము రేపుకుంటూ వస్తోంది.

దొర చెడ్డవాడు కాదు. తాతల నాడు జర్మనీ నుంచి వచ్చిన కుటుంబం, ఎర్రటి మెడ, తక్కువ మాట. మాకు రెండు గదుల ఇల్లు ఇచ్చాడు, పైకప్పు కారితే తనే నిచ్చెన వేసి ఎక్కి రేకు బిగించాడు. ఆ రోజు మాత్రం బండి దిగుతూనే చేలోకి నడిచి, ఒక కేళీని వేళ్ళతో సహా పీకి తెచ్చి కాసిమీరో కాళ్ళ ముందు పడేశాడు.

"ఇదేంటో అడుగు," అన్నాడు నాతో. నేను ఇక్కడే టెక్సాస్‌లో, క్రిస్టల్ సిటీలో పుట్టినదాన్ని, నాలుగు తరగతులు చదివాను. ఇంగ్లీషు మాటలు అటూ ఇటూ తిప్పి చెప్పే పని ఎప్పుడూ నాదే.

"కేళీ," అన్నాడు కాసిమీరో.

"కేళీ అని నాకూ తెలుసు. విత్తే రోజు యంత్రం పెట్టెల్లో గింజ పోసిందెవరు?"

"నేనే."

"పెట్టెల అడుగున పాత గింజ మిగిలిందేమో చూశాడా?"

"ఊడ్చాను. ఊడ్చి, చేత్తో తడిమి చూశాను. ఒక్క గింజ లేదు, చెప్పు."

చెప్పాను. దొర వినలేదు. ఆయన చూపు మా ఇంటి వెనక్కి పోయింది. అక్కడ బట్టలారేసే తీగ పక్కన నేను వేసుకున్న చీపురు జొన్న ఉంది. మనిషికన్నా ఎత్తు, కంకులు కుచ్చుల్లా వేలాడుతూ. ఏటా నాలుగు చీపుళ్ళు కట్టుకోవచ్చని చారెడు గింజలు చల్లేదాన్ని. రోజూ దాని నీడలో గిన్నెలు తోముకునేదాన్ని. అదీ జొన్నే, దాని పుప్పొడీ గాలికి ఎగురుతుందని ఒక్కనాడూ నా బుర్రకు తట్టలేదు.

"నిరుడు కూడా వేశావా ఇది?" అన్నాడు దొర, మెల్లగా.

ఈ ఏడు వేసిన గింజ నిరుడు ఇదే చేలో పండింది. నిరుడు దీని పుప్పొడి చేనుకి తగిలితే ఈ ఏడు కేళీలు లేవవా? అబద్ధం చెబుదామనుకున్నాను. భయంలో నిజమే బయటికొచ్చింది.

"వేశాను."

దొర ఎర్రబడ్డాడు. "నా విత్తన చేను పక్కన తాటిచెట్టంత జొన్న పెంచారు. పెట్టెల్లో గింజ మీరే పోశారు. ఇవి ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? అతనికి చెప్పు. ఈ చేను కొట్టేశారంటే ఎవరికి ఫోను చెయ్యాలో నాకు తెలుసు. మిగ్రా!"

ఆ చివరి మాట మా స్పానిష్ భాషదే. తిప్పి చెప్పే పని లేకుండా దొరే అన్నాడు.

మిగ్రా అంటే సరిహద్దు పోలీసులు. నాకు ఈ దేశపు కాగితాలున్నాయి, చోనత్తకు ఉన్నాయి, జట్టులో మిగతా నలుగురికీ ఉన్నాయి. కాసిమీరోది నది అవతల, మెక్సికోలోని కొవహీలా. అతనికి లేవు. మూడేళ్ళ కిందటి వేసవిలో ఈ దేశం వాళ్ళు ఊళ్ళకు ఊళ్ళనే లారీలెక్కించి అవతల పారబోశారు. మా చిన్నాన్నను ఓడలో పడేసి, ఎక్కడో వెరాక్రూజ్‌లో, తనకు ఎవరూ తెలియని చోట దింపారు. ఆయన ఇంటికి తిరిగి రాలేదు. ఎక్కడున్నాడో ఇప్పటికీ మాకు తెలియదు. మా పిన్ని ఇంకా రెండు కంచాలు కడుగుతుంది.

ఆ సాయంత్రం నేను చీపురు జొన్న మొత్తం పీకేశాను. చేతులు కోసుకుపోయాయి. పోగేసి నిప్పుపెట్టాను.

"నాలుగు కంకులు గింజకైనా ఉంచవే పిచ్చిదానా," అంది చోనత్త.

"ఒక్కటి కూడా వద్దత్తా."

"మరి ఇల్లు దేనితో ఊడుస్తావు?"

"ఇల్లు ఉంటే కదా ఊడవడానికి."

ఆమె వంగి నాతోపాటు మొదళ్ళు ఏరింది. పచ్చి చొప్ప సరిగా కాలక పొగ చేను మీదికి పాకింది. ఇది కాలిపోతే అవి లేవడం ఆగుతుందని నా మనసులో ఏదో వెర్రి ఆశ. మొక్క చేలో ఉంది, బూడిద నా పెరట్లో ఉంది, రెంటికీ పొత్తేమిటని అప్పుడు ఆలోచించే స్థితిలో లేను. తెల్లారి చూస్తే యథాప్రకారం లేచే ఉన్నాయి.

అప్పటి నుంచి రోడ్డు మీద ఏ బండి దుమ్ము లేచినా అటే చూస్తూ నిలబడిపోయేదాన్ని. పాలవాడి బండి, టపా బండి, పక్క రైతు ట్రాక్టరు, అన్నీ నాకు మిగ్రా బండిలా ఆకుపచ్చగానే కనిపించేవి. తోర్తియా రొట్టె పెనం మీద వేసి మాడ్చేసేదాన్ని. కాసిమీరో మాడిందే నమిలి మింగేవాడు.

"పోదాం," అన్నాను ఒక మధ్యాహ్నం, చేను చివర బండి నీడలో తింటుండగా. "మా తమ్ముడు అవతలి ఊరి పత్తి చేలల్లో ఉన్నాడు. వాడి దగ్గరికి పోదాం. ఈ రోజే."

"పోతే దొర ఏమంటాడు? కల్తీ చేసి పారిపోయాడంటాడు. చెయ్యని దానికి నేనెందుకు పారిపోవాలి?"

"అననీ. అంటే ఒళ్ళు కాలుతుందా? వాళ్ళు పట్టుకుపోతే నేనేం చెయ్యాలి, చెప్పు. కంచాలు కడుగుతూ కూర్చోనా?"

అతను తినడం ఆపాడు. "పరిగెత్తినవాడే దొరుకుతాడు లాలా," అన్నాడు. "మా నాన్న కాలంలో జొన్న ఎత్తుగా ఉండేది. మిగ్రా బండి చప్పుడైతే నిలబడి ఉన్నవాళ్ళు నిలబడ్డట్టే చేలో మాయమయ్యేవాళ్ళు. ఇప్పుడీ పొట్టి జొన్నలో కూర్చున్నా టోపీ కనిపిస్తుంది. పడుకోవాలి. నేను పడుకుంటాను. మీరు మాత్రం ఆగకండి. వెనక్కి చూడకండి. నడక మార్చకండి. ఒకళ్ళు తల తిప్పినా వాడు అటే చూస్తాడు."

"దేవుడా, పడుకోవడం కూడా వీడికి నేర్పాలా?" అంది చోనత్త. "పొద్దెక్కేదాకా లేవని వెధవ."

ఎవరూ నవ్వలేదు. ఆమే నవ్వుకుని, ముఖం తుడుచుకుని, పార పుచ్చుకుంది.

తరవాతి గురువారం దొర ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. సన్నగా, ఎండకి ముక్కు తొక్కలూడి, గడ్డి టోపీ పెట్టుకున్నాడు. పేరు పెల్. జొన్న ఎందుకు పొట్టిగా పెరుగుతుందో, ఎందుకు పొడుగవుతుందో, అదే పనిగా పరిశోధన చేసే డాక్టరట. డాక్టరనగానే చోనత్త మోకాలు చూపించబోయింది. ఆయన సిగ్గుపడి టోపీ తీశాడు.

పెల్ చేలోకి పోయి చాలాసేపు తిరిగాడు. మేం గట్టు మీద నిలబడ్డాం. ఈయన నోటి నుంచి ఏ మాట వస్తే అదే మా బతుకని నాకు తెలుసు. చీపురు జొన్న అన్నాడంటే మా పని అయిపోయినట్టే. కాసిమీరో పారకు ఆనుకుని, మామూలుగా ఉన్నట్టు కనిపించాలని ఒక గడ్డిపరక నములుతున్నాడు.

పెల్ ఒక కేళీని, దాని పక్కనున్న పొట్టిదాన్ని రెంటినీ వేళ్ళతో తవ్వి తెచ్చి పికప్పు వెనక తలుపు దించి దాని మీద పక్కపక్కన పడుకోబెట్టాడు. ఆకులు వలిచాడు. జేబుకత్తి తీసి ఒక్కో కణుపు మీదా గాటు పెట్టుకుంటూ పోయాడు.

"ఇలా రా అమ్మాయ్," అన్నాడు నాతో. "వీళ్ళకి అర్థమయ్యేలా చెప్పు. కణుపులు లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. పొట్టిదానికి ఎన్నో పొడుగుదానికీ అన్నే. నమ్మక మళ్ళీ లెక్కపెట్టాను.

"ఆకులూ అన్నే. కంకి చూడు, అదే ముద్దకంకి, అదే గింజ, అదే రంగు. ఒకే రోజున పూతకొచ్చాయి. ఎక్కడుంది తేడా?"

తేడా కణుపుకీ కణుపుకీ మధ్య ఉంది. పొట్టిదాంట్లో నాలుగు వేళ్ళు పడితే పొడుగుదాంట్లో చెయ్యి మొత్తం పడుతోంది. ఉన్నదే సాగింది. కొత్తగా ఏదీ వచ్చి చేరలేదు.

"ఇంటి వెనక ఏదో పీకి తగలబెట్టినట్టున్నారు?" అన్నాడు పెల్.

"చీపురు జొన్న. నేనే వేశాను. నిరుడు కూడా."

"దాని కలయికే అయితే ఈ కంకి విచ్చిపోయి కుచ్చులా ఉండేది. పైగా ఆకులు, కణుపులు ఇలా అచ్చు గుద్దినట్టు కుదరవు. ఇది బయటి నుంచి వచ్చింది కాదు. ఇది వీటి సొంత తోబుట్టువు." ఆయన దొర వైపు తిరిగాడు. "జొన్నను పొట్టిగా ఉంచే గుణాలు నాలుగున్నాయి. అందులో ఒకటి నిలకడ లేనిది. వందల్లో ఒక మొక్కలో అది తనంతట తనే తప్పుకుంటుంది. తప్పుకోగానే మొక్క తన ముత్తాతల ఎత్తుకి పోతుంది. పెట్టెలూడ్చినా ఇంతే, ఊడ్చకపోయినా ఇంతే. ఎవరూ కలపలేదు."

నేను తిప్పి చెప్పాను. చోనత్త అందుకుంది:

"మా చిన్నాడూ అంతే. బుద్ధిగా పని చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి లేచిపోతాడు. వాడి నాన్నదీ అదే తీరు. నేను వాణ్ణి కల్తీ చేశానని ఊరంతా నా మీద పడ్డారు."

అది పెల్‌కి చెబితే ఆయన పడీపడీ నవ్వాడు. దొర నవ్వలేదు.

"మందేమీ లేదా దీనికి?" అన్నాడు.

"ప్రస్తుతానికి లేదు. విత్తనం మార్చినా మళ్ళీ వస్తాయి. ఈ ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. ఏటా నడవాలి, ఏటా నరకాలి, అంతే."

దొర ఆ రెండు చొప్పల వంక చూస్తూ నిలబడ్డాడు. కాసిమీరోతో ఏదో అనబోయి, టోపీ అంచు ముట్టుకుని, బండెక్కాడు. అదే క్షమాపణ అనుకున్నాం. ఆ సాయంత్రం చోనత్త కోడిని కోసింది. చాలా రోజుల తరవాత తోర్తియా మాడకుండా వచ్చింది. కాసిమీరో నా జడ పట్టి లాగి, "ఎన్ని కణుపులే నీకు?" అన్నాడు. నేను అతని చెయ్యి విసిరికొట్టాను, మళ్ళీ పట్టుకోవాలని.

మిగ్రా వచ్చింది శుక్రవారం మధ్యాహ్నం. భయం వదిలేసి పని చేసుకుంటున్న మొదటి రోజది.

చేను అవతలి చివర నుంచి ఇవతలి గట్టు వైపు నడుస్తున్నాం. ఒక్కొక్కరికి కొన్ని సాళ్ళు, ఏడుగురం వరసగా. నా కుడి పక్క సాళ్ళు కాసిమీరోవి. ఆకుపచ్చ బండి మలుపు తిరిగి గట్టు మీదికెక్కడం చోనత్త ముందు చూసింది. ఆమె గొంతెత్తి మరియమ్మ పాట అందుకుంది. చేలో ఆమె ఎన్నడూ దేవుడి పాట పాడదు. నా పక్కన పార చప్పుడు ఆగింది. నేను చూడలేదు. జొన్న ఆకులు ఒకసారి గలగలమన్నాయి, అంతే.

ఆగకండి, వెనక్కి చూడకండి, నడక మార్చకండి. నడిచాను. కేళీ వస్తే నరికాను, మళ్ళీ నడిచాను. గట్టు మీద ఇద్దరు దిగారు. దొర పికప్పు వాళ్ళ వెనకే వచ్చి ఆగింది.

అప్పుడు తట్టింది నాకు. మేం నడిచిన మేర వెనక చేను మట్టంగా ఉంటుంది. నడవాల్సిన మేర కేళీలు నిలబడి ఉంటాయి. కాసిమీరో ఆగిపోయాడు. మేం ముందుకు పోయేకొద్దీ అతని సాళ్ళలో మాత్రం కేళీలు మా వెనక వరసగా మిగిలిపోతాయి. అవి ఎక్కడ మొదలవుతాయో అక్కడే మనిషి ఉన్నాడు. గట్టు మీద నిలబడ్డ వాడికి పొలం పని కాస్త తెలిసినా చాలు. ఒకడు అప్పటికే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూస్తున్నాడు.

ముందుకు వేసిన అడుగు వెనక్కి తీశాను. నడక మార్చకండన్నాడు, మార్చాను. "ఇటు కొన్ని వదిలేశాం," అని ఎవరితోనో అన్నట్టు గట్టిగా అని, అతని సాళ్ళలోకి అడ్డంగా దిగి వెనక్కి నరుక్కుంటూ పోయాను. రెండడుగులకొకటి. చేతులు నావి కావన్నట్టు ఆడుతున్నాయి. అలా పోతూ పోతూ అతని దగ్గరికి వచ్చాను.

నీళ్ళు పెట్టిన సాలు. ఆ బురదలో బోర్లా పడుకుని ఉన్నాడు, చెంప నేలకి ఆనించి, కళ్ళు తెరిచి. ఆ కళ్ళు నా చెప్పుల వంక చూస్తున్నాయి. అతని తల పక్కనే, చెవికి తగులుతున్నట్టు, ఒక కేళీ నిలబడి ఉంది. నా చుట్టుపక్కల మిగిలింది అదొక్కటే. గట్టు మీది వాడు దాన్నే చూస్తున్నాడని నాకు తల ఎత్తకుండానే తెలుసు.

వదిలేసి పోతే ఎందుకు వదిలేశావని వాడు నడిచి వస్తాడు. చేత్తో పీకుదామంటే వంగాలి, వంగి నా మొగుడి తల మీద చెయ్యి పెట్టాలి. అందరిలాగా పారతోనే నరకాలి, ఒక్క వేటుకి.

అతను కళ్ళు మూసుకున్నాడు. నేను పార ఎత్తాను.

ఆ చప్పుడు నాకు వినిపించలేదు. కేళీ పక్కకి ఒరిగింది. అతను కదల్లేదు. కదలకపోతే బతికున్నట్టా, పోయినట్టా? ఆగి చూడటానికి లేదు. వెనుదిరిగి, ముందున్న మిగిలినవన్నీ నరుక్కుంటూ గట్టు దాకా పోయాను. పార చివర చూసుకున్నాను. మట్టే ఉంది. ఎరుపు లేదు.

గట్టు మీద అప్పటికే అందరినీ నిలబెట్టి కాగితాలు చూస్తున్నారు. చోనత్త తనది ఇస్తూ, "బాగా చూడు నాయనా, ఫోటోలో ఇంకా అందంగా ఉంటాను," అంటోంది. వాళ్ళలో కుర్ర పోలీసు నవ్వాపుకున్నాడు. నా కాగితం చూసి, ఇచ్చేసి, దొర వైపు తిరిగాడు.

"కాసిమీరో ఓలగే అనేవాడు ఎవరు?"

పేరు సరిగా పలకలేదు. ఇంటిపేరు కూడా పలికాడు. మా జట్టు బయట ఇంటిపేరు తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. నేను దొర ముఖం చూశాను. దొర నేల చూశాడు.

"వెళ్ళిపోయాడు," అన్నాడు దొర. "సోమవారమే పంపేశాను."

"ఈ అమ్మాయి రెండు వరసలు ఎందుకు నడిచింది?"

"వాడి వరసలు మరి ఎవరు నడుస్తారు? కొత్త మనిషి దొరకలేదు."

కుర్ర పోలీసు చేను వంక ఇంకోసారి చూశాడు. మేం నడిచిన మేర చివరి దాకా మట్టంగా ఉంది. "మా నాన్నదీ జొన్న పొలమే," అన్నాడు. "చేను బాగా చేశారు." బండెక్కారు. ఆ దుమ్ము రోడ్డు మలుపు తిరిగి కనుమరుగయ్యే దాకా కాగితాలు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాం.

కాసిమీరో తనంతట తనే లేచి వచ్చాడు. ఒక పక్కంతా బురద, చెవిలో కూడా. నేను అతని తల రెండు చేతులతో పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూశాను. వేలితో చెవి తవ్వి మట్టి తీశాను. ఏడుపు అప్పుడొచ్చింది నాకు, అందరి ముందూ, దొర ముందూ.

అతను దొర దగ్గరికి పోయి టోపీ తీశాడు. "దొరకి చెప్పు లాలా. ఈ మేలు మరిచిపోనని చెప్పు."

నేను చెప్పకముందే దొర అన్నాడు: "అతనికి చెప్పు. సోమవారం ఫోను చేసింది నేనే. పెల్ వచ్చి వెళ్ళాక మళ్ళీ చేశాను, రావద్దని. వాళ్ళు వినలేదు. చెప్పు."

మింగేసి ఇంకేదైనా చెప్పవచ్చు. కాసిమీరోకి ఇంగ్లీషు రాదు. కాని దొర చెప్పమన్నాడు, నేను చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు.

కాసిమీరో టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. దొర అన్నాడు: "వచ్చే ఏడు కూడా రమ్మను. ఆ పై ఏడు కూడా. ఇల్లు మీదే. కేళీలు ఎలాగూ పోవని పెల్ చెప్పాడుగా. ఇతనిలా చేను నడిచేవాడు నాకు దొరకడు."

అదీ చెప్పాను. కాసిమీరో నా వైపు తిరిగాడు.

"అడుగు. ఒక ఏడు పెల్ డాక్టరు రాకపోతే, కేళీలు ఇంతకు రెండింతలు లేస్తే, అప్పుడేం చేస్తారో అడుగు."

అడిగాను. దొర నోరు తెరిచాడు. చేను వంక చూశాడు. ఎండలో కళ్ళు చికిలించుకుని తల అడ్డంగా ఊపాడో, ఈగను తోలుకున్నాడో తెలియలేదు. బండి వైపు నడిచి వెళ్ళిపోయాడు.

"ఏమన్నాడు?" అన్నాడు కాసిమీరో.

"ఏమీ అనలేదు."

"సరే," అన్నాడు. "ఉన్న సాళ్ళు ముగిద్దాం. రేపు సామాను సర్దు."

పొద్దు వాలేలోగా మిగతా చేను కూడా నడిచాం. అతని సాళ్ళలో వెనక్కి పోతున్నప్పుడు ఆ చోటు నా కంటబడింది. బురదలో చెంప ఆనిన గుంట అలాగే ఉంది, దాని పక్కన నా పార దిగిన గాటు ఉంది. వంగి రెంటి మధ్యా అరచెయ్యి పెట్టి చూశాను. అంత ఎడం కూడా లేదు. ఆదివారం పొద్దున్నే వెళ్ళిపోయాం.